కల్లం మీద పచ్చ రంగు

మొన్న విశాఖపట్నంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. వాళ్ళ అపార్టుమెంటు కింది అంతస్తులో ఏదో దుకాణం పెడుతున్నారట, పాత నేల పీకుతున్నారు. ఆ మెషిన్ మోతకు అందరూ కిటికీలు మూసుకుంటుంటే నేను చెప్పులేసుకుని కిందికి దిగాను. "బాబూ, దీనికి ఏ బ్లేడు బిగించావు?" అని అడిగాను. అతను మెషిన్ ఆపి, నా నెరిసిన జుట్టు చూసి, పోట్లాటకు వచ్చాననుకున్నాడు కాబోలు, "ఇంకో గంటలో అయిపోద్దమ్మా" అన్నాడు. పోట్లాట నాది కాదు నాయనా, మా పిన్నిది. నేనైతే బ్లేడు గురించే అడిగాను.

పిన్ని అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. అరకులో జీపెక్కి, అది ఇక ఎక్కలేనని మొరాయించిన చోట దిగి, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నడిస్తే వాళ్ళ ఊరు. ఆవిడ మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆదివారం ప్రార్థనలో తప్ప ఆవిడ నోరు మూసుకోగా చూసినవాళ్ళు లేరు. అక్కడ కూడా పాస్టరుగారు మరీ సాగదీస్తే ఒక దగ్గు దగ్గేది. ఆ దగ్గుకు అర్థం ఆయనకు బాగా తెలుసు.

ఆ ఊరి ఆడవాళ్ళకు ఒక సిమెంటు కల్లం ఉంది. కాఫీ పళ్ళు కోసి, తొక్క ఒలిచి, కడిగిన గింజల్ని దాని మీద ఆరబోస్తారు. కల్లం లేని రోజుల్లో పచ్చి పళ్ళనే సంతలో షావుకారు ముందు గుమ్మరించి, అతను చెప్పింది విని ఇంటికి వచ్చేవారు. కల్లం కట్టాకనే "మా సరుకు" అన్న మాట వాళ్ళ నోట విన్నాను. అలాంటి కల్లానికి ఒక ఎండాకాలం, ఊరికి మేలు చేద్దామని వచ్చిన పెద్దలు కొందరు పచ్చ రంగు పూయించారు. మందంగా, నిగనిగలాడే రంగు. రిబ్బను కత్తిరించి, ఫోటోలు దిగి, వెళ్ళిపోయారు. ఆ ఏటి పంటకాలం ఎండకు రంగు మెత్తబడి గింజలకు అంటింది. కొనడానికి వచ్చినవాళ్ళు బస్తా విప్పి, గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ మూతి కట్టేశారు. కాఫీ నుంచి కొత్త తలుపు వాసన వస్తే ఎవరు తాగుతారు?

మరుసటి ఏడు దసరా సెలవులకు నేను వెళ్ళేసరికి పిన్ని పారతో కల్లం గీకుతోంది. నేనప్పుడు పాడేరులో టీచరుగా ఉండేదాన్ని. ఆడవాళ్ళంతా కలిసి గీకితే మంచం పట్టేంత చోటు కూడా శుభ్రం కాలేదు. చివరికి విశాఖలో మెషిన్లు అద్దెకిచ్చే దుకాణానికి కబురు పెట్టారు. నెమ్మదస్తుడైన ఒక మేస్త్రి వ్యానులో గ్రైండింగు మెషిన్ తెచ్చి, దాని అడుగున డైమండు బిళ్ళలు బిగించి తిప్పాడు. కాసేపటికి పొగలాంటి కంపు లేచింది. మెషిన్ తిరగేసి చూస్తే రంగు కరిగి బిళ్ళలకే పట్టేసింది. కల్లం ఎలా ఉందో అలాగే ఉంది, బిళ్ళలు మాత్రం పచ్చబడ్డాయి.

"ఇది అయ్యే పని కాదమ్మా. మొత్తం పగలగొట్టించి కొత్తది పోయించుకోండి" అన్నాడు మేస్త్రి.

పిన్ని నడుము మీద చేతులు పెట్టుకుంది. "పగలగొట్టి, మళ్ళీ పోసి, అదారేతలికి సెట్ల మీద పళ్ళన్నీ రాలిపోవేటి? మళ్ళీ ఆ సావుకారి కాళ్ళ కాడికెళ్ళమంటావా? నానెల్లను. నువ్వు బిళ్ళ మార్సు, నాను మాట మార్సను."

మార్చడానికి తన దగ్గర వేరే బిళ్ళ లేదన్నాడతను. ఉన్నవన్నీ గట్టి నేలను అరగదీసేవేనట. ఇక దుకాణం యజమానికి ఫోన్ చేయాలి. సిగ్నల్ కొండ మీది బండ దగ్గర తప్ప దొరకదు. చదువుకున్నదాన్ని కనుక ఎక్కడం నా వంతయింది. ఆయన ఒక ప్రశ్న వేస్తాడు. నేను కిందికి దిగి జవాబు పట్టుకుని మళ్ళీ ఎక్కుతాను. రంగు మీద గోరు నొక్కితే దిగుతోందా? దిగుతోంది. కింది సిమెంటును మేకుతో గీస్తే పొడి రాలుతోందా? రాలుతోంది. "అయితే అరగదీయకూడదు, కోసి లేపాలి. బ్లేడుతో గీకే మెషిన్ వేరే ఉంది. రంపపు పళ్ళున్న కట్టర్లు మాత్రం వద్దు, ఆ మెత్తటి నేల కూడా రంగుతో లేచిపోతుంది" అని ఆయన తేల్చేసరికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి.

మర్నాడు ఆ మెషిన్ దిగిన కాసేపటికే రంగు వేయించిన పెద్దల తరఫు మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. అనుమతి లేకుండా రంగు తీయకూడదని, వచ్చే నెల అతిథులు వస్తున్నారని, వాళ్ళకు ఈ పచ్చదనమే చూపించాలని అన్నాడు.

"పచ్చదనం కావాలా? తలెత్తి కొండ సూడమను" అంది పిన్ని. "ముందు నువ్వా బూట్లిప్పు. తినే సరుకు ఆరేసే సోటిది."

ఆ గొంతుకు అతను నిజంగానే బూట్లు విప్పాడు. ఎండ చుర్రుమంటోంది. నాలుగు మాటలు చెప్పి అడుగు తీయబోతే మేజోళ్ళు కల్లానికి అతుక్కున్నాయి. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అతనికి కోపమొచ్చి, ఇది కేసు అవుతుందన్నాడు.

"అవనీ. నా పేరు ముందు రాయించు" అంది పిన్ని. వెనకనుంచి ఒక ముసలావిడ తన పేరు గట్టిగా చెప్పింది. తర్వాత ఇంకొకామె. ఒక్కొక్కరూ, బడిలో హాజరు పలికినట్టు, ఇంటిపేరుతో సహా చెప్పారు. పరాయి మగవాడి ముందు పేరు చెప్పడానికి సిగ్గుపడే మనుషులు వాళ్ళు. నా వంతు వచ్చేసరికి నేను ప్రభుత్వ ఉద్యోగినన్న సంగతి గుర్తుకొచ్చింది. అయినా చెప్పాను.

అతను బూట్లు చేత్తో పట్టుకుని జీపు వైపు నడిచాడు. మేస్త్రి ఏమీ ఎరగనట్టు వెడల్పాటి బ్లేడు బిగించాడు. అది రంగు మీద జారిపోయింది. తీసేసి వెడల్పు తక్కువ, మందం ఎక్కువ ఉన్నది వేశాడు. మెషిన్ ముందు భాగం తేలిపోతుంటే పిన్ని ఇసుక బస్తా తెచ్చి దాని మీద కట్టించింది. అప్పుడు పట్టింది. అరటి నార ఊడినట్టు పచ్చ రంగు పొడుగ్గా లేచి వచ్చింది. ఒక్క అరుపు అరిచారందరూ. ఒక మూల బ్లేడు దిగబడి గుంట పడింది, మేస్త్రి నొచ్చుకున్నాడు. "పోనీలే బాబూ, ఆ మూల నాను కూకుంటాను" అంది పిన్ని. రంగంతా పోయాక కడిగి, ఎండనిచ్చి, మళ్ళీ కడిగి, ఆవిడ మోకాళ్ళ మీద వంగి కల్లం అంతా వాసన చూసింది.

కేసేదీ రాలేదు. అతిథులు వచ్చి కొండను వెనక పెట్టుకుని ఫోటోలు దిగారు. ఆ ఏడు బస్తా విప్పినవాళ్ళు మళ్ళీ మూతి కట్టలేదు, భుజానికెత్తుకున్నారు.

ఇప్పుడు పిన్నికి చూపు మందగించింది, గొంతు మాత్రం తగ్గలేదు. ఆ కల్లం కూడా ఎప్పుడో ఒకప్పుడు బీటలు వారుతుంది, కొత్తది పోసుకుంటారు. కాలం కాఫీ పళ్ళను ఎర్రగా పండించేటప్పుడు ఎవరి సంతకం కోసమూ ఆగదు. ఆ ఒక్క ఏడు మేమూ ఆగలేదు.