ఎండ వెలుగులో తీసిన సినిమా

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను కడపలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరుని. నాకు ఇరవై నాలుగేళ్ళు. పదహారో ఏట పెళ్ళయింది. పద్దెనిమిదో ఏట భర్త టైఫాయిడుతో పోయాడు. అప్పటినుంచి మా అన్న ఇంట్లో, వంటింటి పక్క గదిలో ఉండేదాన్ని. అన్నా వదినా నన్ను కష్టపెట్టలేదు. అవసరమైతే తప్ప నాతో మాట్లాడేవాళ్ళూ కాదు. సాయంత్రం బడి నుంచి వచ్చాక మళ్ళీ పొద్దున బడికి పోయేదాకా నా గొంతు నాకే వినపడని రోజులు చాలా ఉండేవి.

ఆ ఏడు వేసవి సెలవుల మొదట్లో ఒకామె రవికలు కుట్టించుకోవాలని మా ఇంటికి వచ్చింది. పొడుగ్గా, నల్లగా ఉంది. ముందు జుట్టు నెరిసింది. ఆదోని దగ్గర పుట్టి, చిన్నప్పుడే నాటకాల కంపెనీతో వెళ్ళిపోయి, తర్వాత మద్రాసులో చాలా సినిమాల్లో చిన్న వేషాలు వేసిందట. ఇప్పుడు తనే ఒక సినిమా తీస్తోంది. స్టూడియో లేదు, పాటలు లేవు, పేరున్న నటులు లేరు. కరువుకు ఊరంతా వలసపోతే ఒక్క ఆడమనిషి మాత్రం ఊళ్ళో ఉండిపోతుంది. అదీ కథ. జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున తీస్తారు. కథంతా ఒకే చీరలో జరుగుతుంది కాబట్టి ఆ చీర రోజురోజుకూ ఎంత మాయాలో, ఎక్కడ చిరగాలో చూసుకునే మనిషి కావాలని, నన్ను రమ్మని అడిగింది.

సినిమా అనగానే మా అన్న మొహం చిట్లించాడు. ఆమెకు నలభై అయిదేళ్ళని తెలిశాక మెత్తబడ్డాడు. పెద్దామె తోడు ఉంది కదా, పోనిమ్మని వదినతో అనడం విన్నాను. ఆమె వయసు చూసే నన్ను పంపించారు.

ఆ ఊళ్ళో ఒక రైతు వాడకుండా వదిలేసిన మిద్దెలో దిగాం. ఆమె, ముసలి కెమెరామన్, ఆయన తమ్ముడు, మద్రాసు నుంచి వచ్చిన ఒక నటి, వంటమనిషి, నేను. ఆ ఒంటరి ఆడమనిషి వేషం కట్టాల్సిన నటి మూడో రోజే ఎండకు తాళలేక మద్రాసు బండెక్కింది. దాంతో ఆ వేషం ఆమే కట్టింది. తెల్లవారినప్పటి నుంచి పది గంటలదాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత తీసేవాళ్ళు. వేరే దీపాలు లేవు, ఉన్నదల్లా ఎండే. వెండి కాగితం అంటించిన పలకలతో దాన్ని ఆమె మొహం మీదికి తిప్పేవాళ్ళం.

మధ్యాహ్నాలు తలుపులకు తడి గోనెలు కట్టుకుని అందరూ పడుకునేవాళ్ళు. నేను చీర ముందేసుకుని కూర్చునేదాన్ని. ఆమె మర్నాటి మాటలు నాకు చదివి వినిపించేది. మా పక్క ఆడవాళ్ళు ఇట్లా అంటారా అని అడిగేది. ఒకసారి, ఊరివాళ్ళు వెళ్ళిపోతుంటే ఆ మనిషి చెప్పాల్సిన పెద్ద మాట ఒకటి చదివింది. అట్లాంటప్పుడు ఎవరూ ఏమీ అనరని, బండి కనపడకుండా పోయేదాకా చూసి లోపలికి వచ్చి ఇల్లు ఊడ్చుకుంటారని చెప్పాను. ఆమె ఆ పేజీ మొత్తం కొట్టేసింది. అప్పటిదాకా నా మాట విని ఎవరూ ఏదీ మార్చుకోలేదు.

బావిలోంచి నీళ్ళు తోడే ఘట్టంలో చేతులు దగ్గరగా కనపడాలి. తనవి మద్రాసు చేతులైపోయాయని, తాడు నన్ను పట్టుకోమంది. అలా ఆ సినిమాలో ఆమె చేతులు నావి.

ఒక మధ్యాహ్నం, భుజం దగ్గర చిరుగు ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని చీర ఆమెకే చుట్టి కొలుస్తున్నాను. కొలవడం అయిపోయింది. నా చెయ్యి ఆమె భుజం మీదే ఉండిపోయింది. ఆమె కదల్లేదు.

"ఇంగ నన్ను అమ్మా అనొద్దు," అంది.

"అక్కా అనల్లనా?"

"అదీ వద్దు. నువ్వు అను."

నాకంటే ఇరవై ఒక్కేళ్ళు పెద్దది. అయినా ఆ మాట అనాలని, "నువ్వు తిన్న్యావా?" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వుతూనే నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. రెండేళ్ళు కాపురం చేసిన దాన్ని, అయినా అట్లాంటిది ఒకటుంటుందని నాకు తెలియదు.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు అక్కడున్నాం. మమ్మల్ని ఎవరూ అనుమానించలేదు. అనుమానించడానికి వాళ్ళకు మాట కూడా తెలియదు. ఒకరోజు అన్నం దగ్గర కెమెరామన్, ఆ పిల్లను కన్నకూతురి మాదిరి చూసుకుంటున్నావని ఆమెను మెచ్చుకున్నాడు. ఆ పూట ఆమె సగం అన్నం వదిలేసి లేచింది. సాయంత్రం తీసిన దృశ్యాలు ఏవీ బాగా రాలేదు. నేను పక్కన కూర్చుంటే కొంచెం జరిగి కూర్చుంది. మర్నాటికి మామూలుగానే ఉంది కానీ, అద్దం చూసుకోవడం మాత్రం ఎక్కువైంది.

సినిమా అయిపోయాక నేను మళ్ళీ వంటింటి పక్క గదికి వచ్చాను.

ఏడాది తర్వాత కర్నూలు రమ్మని ఆమె ఒక మనిషి చేత కబురు పంపింది. సినిమాను కొనేవాళ్ళు దొరకలేదు. తనే ఒక హాలు మాట్లాడి ఒకే ఒక్క ఉదయం ఆట వేయిస్తోందట. బడిపని మీదని ఇంట్లో అబద్ధం చెప్పి, నంద్యాల మీదుగా బస్సులో వెళ్ళాను. అరవై మంది వచ్చారు. పాటలు ఎప్పుడొస్తాయని సణుక్కుంటూ సగం మంది మధ్యలోనే లేచిపోయారు. నేను మాత్రం తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఆమె మొహం, వెంటనే నా చేతులు, మళ్ళీ ఆమె మొహం. చూసేవాళ్ళకు అది ఒక్క మనిషే.

ఆట అయ్యాక తుంగభద్ర ఒడ్డుకు నడిచాం. ఆమె చిక్కిపోయింది. నేనూ మద్రాసు వస్తానన్నాను.

"వచ్చి ఏం చేస్తావు? నాకు నలభై ఆరు. ఇంగ కొన్నేండ్లు పోతే నన్ను లేపి కూర్చోబెట్టల్ల నువ్వు. అప్పటికి నీకు ఇప్పటి నా వయసు గూడా రాదు."

"చేస్తా."

"చేస్తావని తెలుసు. అందుకే వద్దంటాండా."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే బస్సెక్కాను. కిటికీ పక్కన నిలబడి ఆమె ఏదో చెప్పబోతుంటే మొహం తిప్పుకున్నాను. అదే చివరిసారి చూడడం.

జాబులు రాసుకున్నాం. ఇంట్లో అన్న విప్పి చదువుతాడు కాబట్టి ఆమె పెద్దల పద్ధతిలో, చిరంజీవికి దీవించి వ్రాయునది అని మొదలుపెట్టేది. ఎండల గురించి, వానల గురించి రాసేది. ఇక్కడ మధ్యాహ్నాలు గడవవు అని ఒక వాక్యం ఉండేది. నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. తర్వాతి సంవత్సరం అన్న ఇల్లు వదిలి, బడికి దగ్గరలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. వదిన ఏడ్చింది. ఆమె ఏడుస్తుందని నేను అనుకోలేదు. ఇప్పుడు ఇక్కడ ఎవరూ జాబులు విప్పరు, వచ్చెయ్యి అని మద్రాసుకు రాశాను. చలికాలం పోయాక వస్తానని జవాబు వచ్చింది. రెండో గదికి సున్నం కొట్టించి, ఒక మంచం వేయించాను. చలికాలం పోయింది. ఎండాకాలమూ పోయింది. తర్వాత జాబులు ఆగిపోయాయి. ఎవరిని అడగాలో తెలియలేదు. అడగడానికి నేను ఆమెకు ఏమవుతానని?

ఇంకో రెండేళ్ళకు, ఒక ఆదివారం పొద్దున కెమెరామన్ వచ్చాడు. బంధువుల పెళ్ళికి ప్రొద్దుటూరు పోతూ, నా ఇల్లు వాకబు చేసుకుని వచ్చాడు. కాఫీ ఇచ్చాను. మాటల్లో మాటగా, ఆమె పోయి ఆరు నెలలైందని చెప్పాడు. ఏడాదికి పైగా మంచంలో ఉందట. మందులకని సినిమా రీళ్ళను, ఫిల్ము కరిగించి అందులోని వెండి తీసేవాళ్ళకు అమ్మేసిందట. ఎక్కడా ఇంకో కాపీ లేదు.

కాఫీ తాగుతూ ఆయన ఇంకా చెప్పుకుంటూ పోయాడు.

"నువ్వంటే శానా ఇష్టమమ్మా ఆమెకు. ఊరికే చెప్తాండేది, కడపలో నాకో మనిషి ఉండాది, పోవల్ల పోవల్ల అని."

ఆయనకు అది మామూలు మాట. మళ్ళీ చెప్పమన్నాను. సరిగ్గా వినపడలేదేమో అనుకుని, ఈసారి కొంచెం గట్టిగా చెప్పాడు. ఆయన్ని బస్టాండు దాకా సాగనంపి ఇంటికి వచ్చాను. ఆ మర్నాడు ఆరో తరగతి పిల్లలకు కాజాలు కుట్టడం నేర్పాల్సి ఉంది. నేర్పాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు.