రత్నమ్మ పసుపు గుడ్డ

మొన్న గోడలకు కొట్టడానికని తొట్టిలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే బుసబుసమని పొంగాయి. ఆ వేడి ఆవిరి ముక్కుకు తగలగానే రత్నమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి మూడేండ్లయింది. ఆమె మీద నా కుళ్లు మాత్రం పోలేదు.

పెనుకొండకు ఇవతల మా చేను, ఆమె చేను పక్కపక్కనే. ఇద్దరం ఒకే ఏడాది కుంటలు తవ్వించి, బోరు నీళ్లు నింపి, చేపపిల్లలను వదిలాం. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను యాభై దాటాక పలక పట్టినదాన్ని. నీళ్లు చెడకుండా కుంటకు ఎంత సున్నం వేయాలో చేపల ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితంలో కూడబలుక్కుని చదివి, అంతా ఒకేసారి వేసేదాన్ని. అయినా నా నీళ్లు కంపు కొట్టేవి, చేపలు జానెడు దాటేవి కావు. ఆమె కుంటలో మూరెడేసి బొచ్చె చేపలు ఎగిరేవి. "రత్నమ్మ చెయ్యి మంచిది" అని మా ఆయన అన్న రోజు నాకు అన్నం దిగలేదు.

ఒక పొద్దున ఆమె గట్టు మీద కర్రకు పసుపు పూసిన గుడ్డ కనిపించింది. నా దిష్టి తగలకూడదని కట్టిందనుకున్నాను. నా చూపు మంచిది కాదని నాకూ తెలుసు, అందుకే అంత మండింది. ఆ మంటలోనే, ఆమెవాటికంటే పెద్ద చేపలు పెంచాలని, హిందూపురం నుంచి ఇంకో రెండు మూటల సున్నం తెప్పించి, నానబెట్టి చల్లార్చకుండా, మిట్టమధ్యాహ్నం కుంటలో కుమ్మరించాను.

పొద్దు వాలేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని తేలాయి. గట్టున నిలబడి కేకలు పెట్టాను. రత్నమ్మ ఆ గుడ్డతోనే పరుగెత్తుకొచ్చి నా నీళ్లలో ముంచింది. పసుపు ఎర్రగా తిరిగింది.

"సున్నం ఎక్కువైందక్కా. హారతికి పసుపులో సున్నం వేసి ఎర్రనీళ్లు కలిపేటప్పుడు చూడలేదా నువ్వు? బోరు ఎయ్యి, ఈ నీళ్లు చేనుకు తిప్పు."

"ఆ గుడ్డ నా కంటికని కట్టినావనుకుంటి."

"నీ కంటికి ఇంత గుడ్డ యాడ సాలుతాదక్కా," అని నవ్వింది. "రోజూ ముంచి చూస్తా. పసుప్పచ్చగా ఉంటే పిడికెడు పిడికెడు సల్లుతా. ఎర్రబడితే ముట్టను."

సగం చేపలు దక్కాయి. హారతి నీళ్లు ఆమెకంటే ఎక్కువే కలిపినదాన్ని నేను. అది నాకెందుకు తట్టలేదా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేనూ ఇప్పుడు రోజూ పసుపు గుడ్డ ముంచి చూస్తాను. ఆమె కుంట ఎండిపోయింది. ఈ చుట్టుపక్కల మూరెడు చేపలు నావే. చూసి కుళ్లుకోవడానికి రత్నమ్మ లేదు. ఉన్నా కుళ్లుకునే మనిషి కాదు. నాకు అదే ఓర్వలేనిది.