మా ఆయన నడుం

మా ఆయన రాయచూరు దగ్గరి శక్తినగర్ కరెంటు కేంద్రంలో ఫిట్టరు. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు కింద తిరిగే ఇనుప రోలర్లు అరిగిపోతే, వాటిని విప్పి కొత్తవి ఎక్కించడం ఆయన పని. ఒక్కో రోలరు ఇద్దరు పట్టుకోవలసిన బరువు. అలాంటిది మా ఆయన ఒక్కడే భుజాన వేసుకుని మెట్లెక్కుతాడని పెళ్లిచూపుల నాడే వాళ్ల నాన్న, మా మామయ్య, గొప్పగా చెప్పాడు. పెళ్లికొడుకు ఎంతవరకు చదివాడని మా నాన్న అడిగిన ప్రశ్నకు మామయ్య ఇచ్చిన జవాబు అది.

పెళ్లయి ఎన్నో ఏళ్లు గడిచినా ఆ నడుం గురించి ఆలోచించే అవసరం నాకు రాలేదు. తర్వాత ఒక చలికాలంలో మా క్వార్టర్స్‌లో కొన్ని మార్పులు మొదలయ్యాయి. మొదటిది డైనింగ్ టేబుల్.

"ఆఫీసర్ల ఇండ్లల్ల అందరు కుర్చీల మీదనే తింటున్నరు. మనమెందుకు నేల మీద కూసోవాలె?" అన్నాడు. అప్పటిదాకా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే తప్ప జొన్నరొట్టె గొంతు దిగదనే మనిషి.

రెండోది బూట్లు. లేసులు ఒకసారి కట్టినవి కట్టినట్టే ఉంచి, గోడ పట్టుకుని నిలబడి కాళ్లు లోపలికి తోసేవాడు. మూడోది మా పాప. ఎత్తుకోమని చేతులు చాపితే, "పెద్దదానివైతివి, ఇంకెంతకాలం ఎత్తుకోవాలె?" అన్నాడు. ఆ పెద్దదానికి నాలుగేళ్లు.

ఇదంతా చూసి మా ఆయనకు దర్జా వచ్చిందనుకున్నాను నేను. ప్రమోషన్ కబురేదో దాస్తున్నాడేమోనని లోపల సంతోషపడ్డాను కూడా.

నాలుగోది ఆదివారం కటింగు. వారం వారం పొద్దున్నే కంపెనీ బస్సెక్కి రాయచూరు పోయేవాడు. ఎక్కడికంటే కటింగుకు అనేవాడు. ఆ తలలో వారం వారం కోసేంత పంట లేదు. మధ్యాహ్నానికి తిరిగొచ్చినప్పుడు చూస్తే తల వెళ్లినప్పటిలాగే ఉండేది, మనిషి మాత్రం కొంచెం తేలికగా నడిచేవాడు.

అలాగే ఎండాకాలం వచ్చింది. రాయచూరు ఎండకు మొగవాళ్లెవరూ ఇంట్లో చొక్కా తొడగరు. మా ఆయన చొక్కా విప్పినా బనియన్ విప్పలేదు. చెమటకు అది వీపుకు అతుక్కుపోయినా, స్నానానికి పోయి తలుపు గడియ పెట్టుకున్నాకే విప్పేవాడు.

ఆ రోజుల్లోనే మా అత్తమ్మ రాయచూరు నుంచి నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. కొడుకు వీపు గోక్కోవడం చూసి చెమటకాయలనుకుని, పౌడరు డబ్బా పట్టుకుని వెనక నుంచి వెళ్లి, ఒక్కసారి బనియన్ పైకి లాగేసింది. చాయ్ తాగుతున్న మా ఆయనకు అడ్డం పడే సమయం దొరకలేదు.

వీపు మీద రెండు వరసల్లో గుండ్రని నల్లటి మచ్చలు. ఒక్కోటి చిన్న గ్లాసు మూతి అంత.

"గివేందిరా? తామర గిట్ల అంటిందా?" అంది అత్తమ్మ.

"ఏం లేదవ్వా. పనిల రోలర్లు తగిలినయి."

"రెండు వరసలల్ల తగిలినయా?" అన్నాను నేను. "మంచి బుద్ధి గల రోలర్లు ఉన్నట్టున్నయి మీ తాన."

అత్తమ్మ ఒక మచ్చ మీద వేలితో నొక్కి చూసి, "నడుం నొప్పికి మీ నాయినకు గూడ పెట్టించిన గివి. సీసాలు పెట్టిచ్చుకున్నవు నువ్వు," అంది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

మరుసటి ఆదివారం, నేను కూడా కటింగుకు వస్తానని బయల్దేరాను. పాపను అత్తమ్మ దగ్గర ఉంచాం.

రాయచూరు గంజ్ వెనక సందులో ఒక ముసలాయన ఉండేవాడు. అందరూ చాచా అనేవాళ్లు. గంజ్‌లో బియ్యం బస్తాలు మోసే హమాలీలే ఎక్కువగా ఆయన దగ్గరికొచ్చేవాళ్లు. గాజు కప్పులో దూది ముక్క వెలిగించి, మంట ఆరీ ఆరకముందే వీపు మీద బోర్లిస్తే, కప్పు చర్మాన్ని లోపలికి గుంజి పట్టేస్తుంది. కొంతసేపుంచి తీస్తాడు. బిగుసుకున్న కండరాలు వదులవుతాయంటాడు.

గుమ్మం దగ్గర బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే నలుగురూ లేచారు. అందులో ముగ్గురు మా ఆయన షిఫ్టు వాళ్లే. వాళ్ల పెళ్లాలు నాకు బాగా తెలుసు. ఒకాయన ముందు రోజు సాయంత్రమే నా ఎదుట తన భార్యతో, రేపు కటింగుకు రాయచూరు పోతున్నానని చెప్పాడు.

"వదినా, మా ఇంట్ల చెప్పకు," అన్నాడు మెల్లగా.

"ఏం చెప్తానన్నా? కటింగు బాగ చేసిండని చెప్తా."

చాచా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించాడు. ఆయనకు ఉర్దూ, తెలుగు, కన్నడ మూడూ ఒకే వాక్యంలో వచ్చేవి. మా ఆయన వీపు తడుముతూ నాతో అన్నాడు: "చూడు బేటీ, నేను కప్పు పెడితే నాలుగు దినాలు ఆరామ్. అయిదో దినం ఈయన మళ్ల ఇనుము ఎత్తుతడు. కాలు తిమ్మిరెక్కుతది, పాదంల జోర్ లేదంటున్నడు. అది నా కప్పుతోని పోయేది కాదు. డాక్టర్‌కు చూపియ్యమని మూడుసార్లు చెప్పిన. వినడు."

కాలు తిమ్మిరి సంగతి నేను వినడం అదే మొదటిసారి. అప్పటిదాకా నాకు నవ్వుగానే ఉంది. అక్కడితో నవ్వు పోయింది.

తిరుగు బస్సెక్కాం. సీట్లో కూర్చోగానే అడిగాను. "చాచాకు చెప్పొచ్చు, నాకు చెప్పొద్దా?"

"చాచా భయపడడు గద," అన్నాడు.

నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఏది ముందు చూపించాలో తెలియలేదు. కాసేపటికి ఆయనే చెప్పాడు. నడుం పోయిందని తెలిస్తే తనను సామాన్ల గదిలో కూర్చోబెట్టి స్పానర్లు లెక్కపెట్టమంటారని, ఒక్కడే రోలరు ఎత్తే మనిషి అలా కూర్చుంటే షిఫ్టులో అందరూ నవ్వుతారని. ఆ షిఫ్టులో సగం మంది చాచా బల్ల మీదే కూర్చున్నారు కదా అన్నాను. ఆ మాట ఆయనకు అప్పటిదాకా తోచలేదు కాబోలు, మొదటిసారి కొంచెం నవ్వాడు.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, కాలు ఎత్తించి చూసి, ఆపరేషన్ అక్కర్లేదు కానీ ఇంకో ఏడాది ఇలాగే దాచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నారు. మాత్రలు రాసిచ్చి, ఆరు వారాలు బరువు ముట్టుకోవద్దన్నారు. ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పంపారు.

ఆ మేడం సింధనూరు వైపు స్థిరపడి కాలువ కింద వరి పండించే కోస్తా వాళ్ల అమ్మాయి. మనిషి సన్నగా ఉండేది, మాట మెత్తగా ఉండేది, పట్టుదల మాత్రం గట్టిది. బోర్లా పడుకుని ఛాతీ పైకి లేపడం, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం నేర్పింది. ఆ తర్వాత ఒక ఖాళీ బకెట్ తెచ్చి ముందు పెట్టింది.

"ఇప్పుడు దీన్ని ఎత్తండి చూద్దాం."

మా ఆయన నడుం వంచి బకెట్ ఎత్తాడు.

"అలా కాదండీ. మోకాళ్లు వంచి, బకెట్‌ని ఒంటికి దగ్గరగా పెట్టుకుని లేవాలి. మళ్లీ ఎత్తండి."

ఇనుప రోలర్లు మోసిన మనిషి, ఒక ఆడపిల్ల ముందు ఖాళీ బకెట్ ఎత్తడం రాక ఆ పూట అయిదారుసార్లు తప్పాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. నా భుజాలు కదలడం మాత్రం ఆయనకు కనబడిందట.

చాచా కప్పుల సంగతి కూడా భయపడుతూనే అడిగాను. ఆమె తిట్టలేదు. "హాయిగా అనిపిస్తే పెట్టించుకోండి. కప్పులు పెట్టించుకున్నాను కదా అని ఈ ఎక్సర్‌సైజులు మానేయకూడదు. ఎముక మీద గట్టిగా నొక్కించుకోవద్దు," అంది. ఆ మాట ఇంటికొచ్చి అత్తమ్మకు చెబితే, "నేనెప్పుడు ఎముక మీద నొక్కిన?" అని కొంచెం చిన్నబుచ్చుకుంది. నాలుగు రోజులుండి పోదామని వచ్చిన మనిషి నెలన్నర ఉండిపోయింది. రోజూ సాయంత్రం నువ్వులనూనె రాసి, ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది.

కాలు తిమ్మిరి మెల్లగా తగ్గింది. ఎవరివల్ల తగ్గిందన్నది మాత్రం తేలలేదు. అత్తమ్మ తన ఉప్పు మూట వల్లనంది. మా ఆయన డాక్టరు గారి ముందు మాత్రల వల్లనన్నాడు, మేడం ముందు బకెట్ వల్లనన్నాడు, చాచా ముందు ఏమన్నాడో నేను వినలేదు.

తిరిగి డ్యూటీకి పోయినప్పుడు అనుకున్నట్టే కొన్నాళ్లు సామాన్ల గదిలో వేశారు. మొదటి రెండు రోజులు ఇంటికొచ్చి తిని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు స్పానర్ల పెట్టెను ఎవరో నడుం వంచి ఎత్తబోతే, ఈయన ఆపి మోకాళ్లు వంచడం చూపించాడట. వాళ్లు నవ్వారట. చాచా బల్ల మీద కూర్చునే ముగ్గురు మాత్రం నవ్వలేదట. కొన్ని వారాల తర్వాత రోలరును ఇద్దరు పట్టుకునే మోయాలని వాళ్లలో వాళ్లే ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందం మా మామయ్యకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నొప్పి పూర్తిగా పోలేదు. చలికాలం పొద్దున లేవగానే ఇప్పటికీ ఒక నిమిషం మంచం అంచున కూర్చుంటాడు. కానీ కూర్చుని, "ఇయ్యాల పట్టేసింది" అని నాతో చెప్తాడు.

బట్టలుతికి, రొట్టెలు కొట్టి నా కుడి భుజం కూడా ఈ మధ్య పట్టేస్తోంది. చాచా ఆడవాళ్ల ఒంటి మీద చెయ్యి వెయ్యడు. ఎక్కడ ఎంత నొక్కాలో మా ఆయన భుజం మీదే చూపించి పంపించాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన నూనె గిన్నె పట్టుకుని శ్రద్ధగా మొదలుపెట్టాడు. ఫిట్టరు చేతులు కదా, బిగించడమే అలవాటు.

"మెల్లగ," అన్నాను. "ఇది నట్టు కాదు."

"నొచ్చిందా?"

"నొచ్చింది."

"చెప్తే గదా తెలిసేది," అన్నాడు, ఎంతో పెద్దమనిషి లాగా.