ఆమెకు లేని లోపం

మా విభాగంలో పరిశోధక విద్యార్థుల శిక్షణ వ్యవహారాలు చాలాకాలం నేనే చూశాను. ఎవరిని ఏ వర్క్‌షాప్‌కు పంపాలి, ఎవరి ప్రయాణ ఖర్చులకు విశ్వవిద్యాలయాన్ని ఒప్పించాలి, ఎవరికి ఏ తరగతి పెట్టించాలి, ఇదంతా నా పని. ఈ మధ్య ఆ బాధ్యత వదులుకున్నప్పుడు సెమినార్ హాల్లో చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. విభాగాధిపతి మైకు అందుకుని, "పక్షపాతం తెలియని మనిషి. సొంత భాష మాట్లాడే అమ్మాయి పోటీలో ఉన్నా ఆమెను కాదని మరొకరిని పంపాడు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను.

ఆ సభకు మా ఆవిడ కూడా వచ్చింది. పురసవాక్కంలోని ఇంటికి తిరిగి వెళ్తుంటే ఆటోలో శాలువా మడత పెడుతూ అడిగింది.

"ఆయన చెప్పింది ఆ నీళ్ళ పిల్ల గురించేనా?"

"ఊఁ."

"దాన్ని కాదన్నారా మీరు? ఆ పొద్దు ఇంటికొచ్చి రాత్రి దాకా దాని మాటలే గదా చెప్తా ఉండారు! సాంబార్లో ఉప్పు మరిచిపోతే అది కూడా కనుక్కోలేదు."

నేను రోడ్డు వైపు చూశాను. ఆమె శాలువా నా ఒళ్ళో పడేసింది. "మీరే పెట్టుకోండి."

ఆ సభలో చెప్పిన మాట అబద్ధం. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ అమ్మాయి మా దగ్గర పరిశోధన చేసేది. ఇల్లు కోడంబాక్కం, తండ్రి సినిమా స్టూడియోల్లో లైట్‌మ్యాన్. సముద్రం పక్క పేటల్లో బోరు నీళ్ళు ఎందుకు ఉప్పగా మారుతున్నాయో తేల్చడం ఆమె విషయం. ఒకసారి నేను వరండాలో ఇంటికి ఫోన్ చేసి, "ఈడ లేదు, ఆడ బీరువాలో చూడు" అంటుంటే ఆమె చెవిన పడింది. ఫోన్ పెట్టేసేదాకా ఆగి దగ్గరికి వచ్చింది.

"సార్, మీరు కూడా మావాళ్ళేనా! ఇన్నాళ్ళూ చెప్పనే లేదే!"

నాకూ సంతోషం వేసింది. మా కుటుంబం తరాలుగా ఈ తమిళ ఊళ్ళోనే ఉంది. అయినా మా తెలుగు ఇంటి గడప దాటి వినిపించడం అరుదు. ఆ తరువాత కొన్నాళ్ళు వరండాలో ఎదురుపడితే ఆ మాటల్లోనే మాట్లాడుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర తోటి ప్రొఫెసర్ ఒకాయన డబ్బా మూత తీస్తూ, "ఎన్న సార్, తెలుగు కోటా మొదలుపెట్టారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరునాటి నుంచి ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడాను. ఆమె తెలుగులో పలకరించినా జవాబు ఇంగ్లీషులోనే ఇచ్చాను. కొద్ది రోజులకు ఆమె కూడా మార్చుకుంది.

అప్పుడే వేరే రాష్ట్రంలోని ఒక పరిశోధన కేంద్రం నుంచి వర్క్‌షాప్ ప్రకటన వచ్చింది. నీళ్ళలో ఉన్న ఉప్పు సముద్రానిదో నేలదో చెప్పగల యంత్రం మీద శిక్షణ. ఎవరి నీళ్ళు వాళ్ళు సీసాల్లో తెచ్చుకుని పరీక్షించుకోవచ్చు. ప్రయాణం, బస ఖర్చంతా వాళ్ళదే. మా విభాగం నుంచి ఒక్కరినే పంపమన్నారు. అలాంటి యంత్రం మా దగ్గర లేదు. ఆమె పరిశోధన మొత్తం ఆ పరీక్ష మీదే ఆధారపడి ఉంది.

ఇలాంటి అవకాశం వస్తే మా దగ్గర ఒక పద్ధతి. అడిగినవాళ్ళంతా సెమినార్ హాల్లో అందరి ముందూ తమ పని గురించి మాట్లాడాలి. తరువాత ముగ్గురం అధ్యాపకులం కూర్చుని ఒకరిని ఎంచుతాం.

ఆమె రెండు గ్లాసుల నీళ్ళతో వేదిక ఎక్కింది. నన్ను ఎగతాళి చేసిన ప్రొఫెసర్‌నే పైకి పిలిచి, "ఒక్క గుటక సార్. మీ ప్రాణానికి నాది పూచీ" అంది తమిళంలో. ఆయన మొదటి గ్లాసు రుచి చూసి తలూపాడు. రెండోది నోట్లో పోసుకోగానే ముఖం ముడుచుకుపోయింది. ఆమె ఆ ముఖాన్ని చేత్తో చూపిస్తూ, "నా మొదటి గ్రాఫ్ ఇదే" అంది. హాలంతా గొల్లుమంది. నవ్వులు తగ్గేదాకా ఆగి, "ఈ రెండు బోర్లూ ఒకే వీధిలో ఉన్నాయి. పోయినేడు రెంటి నీళ్ళూ తాగేవాళ్ళు" అంది. ఆ తరువాత ఎవరూ కదల్లేదు.

ముగ్గురం కూర్చున్నాం. ముఖం ముడుచుకున్న ప్రొఫెసరే ముందుగా, "అమ్మాయి బాగా చెప్పింది. మీరేమంటారు?" అన్నాడు. ఆయన నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను. ఔనంటే రేపు భోజనాల దగ్గర మళ్ళీ నవ్వుతారనుకున్నాను. అంతకు మించిన కారణమేదీ లేదు. "ఆమెకింకా సమయం ఉంది. చివరి ఏడాదిలో ఉన్న అబ్బాయిని పంపుదాం" అన్నాను. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. అతనూ కష్టపడేవాడే. కానీ ఆ వర్క్‌షాప్ లేకపోయినా అతని పని ఆగేది కాదు.

ఇంతవరకే అయితే పిరికితనం అని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. ఆమె సాయంత్రం నా గదికి వచ్చింది. చాలా రోజుల తరువాత తెలుగులో అడిగింది.

"నా మాటల్లో తప్పేముంది సార్? చెప్తే దిద్దుకుంటాను."

నేను ఇంగ్లీషులోనే జవాబిచ్చాను. వేదిక మీద ఆమె తీరు బాగాలేదన్నాను. గ్లాసులు, హాస్యాలు పరిశోధనకు తగవన్నాను. మాటలో యాస ఉందన్నాను. ఒక్కొక్కటీ అప్పటికప్పుడు కల్పించినదే. అంతటితో ఆగక, నేనే నడిపే ప్రసంగ నైపుణ్యాల వర్క్‌షాప్‌లో ఆమె పేరు రాయించాను.

ఆమె ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా నేర్చుకుంది. చివరి రోజు మాట్లాడమంటే చేతులు కట్టుకుని, స్లయిడ్ మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. ఎవరూ నవ్వలేదు. దిగి వచ్చి, "ఇప్పుడు పరవాలేదా సార్?" అని అడిగింది. "చాలా మెరుగు" అన్నాను.

మరుసటి ఏడాది ఆ పరిశోధన కేంద్రం నుంచి పిలుపు రాలేదు. ఆమె నింపి పెట్టుకున్న నీళ్ళ సీసాలు ల్యాబు అలమరలో ఉండిపోయాయి. ఆమె పరిశోధన మానేసి షోళింగనల్లూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరింది.

సభ జరిగిన కొద్ది రోజులకు ఆమెకు ఫోన్ చేసి, వాళ్ళ ఆఫీసు ఎదుటి టీకొట్టు దగ్గర కలిశాను. ఈసారి ఇంటి తెలుగులో అంతా చెప్పాను. ఆమె టీ గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు.

"అంటే ఆ పొద్దు నేను బాగానే చెప్పినానా?"

"అందరికంటే నువ్వే బాగా చెప్పినావు."

"ఆఫీసులో క్లయింట్ల ముందర మాట్లాడమంటే ఇంకొకర్ని పంపిస్తా ఉండాను సార్. నాకు రాదని. మా నాయన షూటింగ్ కాడ అందరికీ చెప్పుకునేవాడు, మా పిల్ల మైకు పట్టుకుంటే ఎవురూ లేచి పోరని. ఆయన్ని కూడా మాన్పించినాను." గొంతు పెరిగింది. పక్కన టీ తాగుతున్నవాళ్ళు చూశారు. "మీరేమో ఇంత దూరం వచ్చి, ఈడ టీకొట్టు కాడ చెప్తా ఉండారు. శాలువా యాడ కప్పినారు మీకు? ఆడ చెప్పండి."

టీ అక్కడే పెట్టేసి ఆఫీసులోకి వెళ్ళిపోయింది.

కొత్త పరిశోధక విద్యార్థుల పరిచయ సభలో నాలుగు మాటలు చెప్పనివ్వమని విభాగాధిపతిని అడిగాను. అదే హాలు. పైన రాసిందంతా చెప్పాను. విభాగాధిపతి తల వంచుకున్నారు. ఆ ప్రొఫెసర్, "అయ్యో, అది చుమ్మా అన్న మాట సార్!" అన్నాడు. నిజమే, ఊరికే అన్న మాట. అందుకే నాకు మరింత సిగ్గేసింది.

వెనక నుంచి ఒక కొత్త విద్యార్థిని లేచి, "ఆవిడ ఆ రోజు ఎలా చెప్పారు సార్?" అని అడిగింది. ఆమెలాగే చెప్పబోయాను. గ్లాసులు, గుటక, ముఖం, గ్రాఫ్ అన్నీ వరసగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి, హాల్లో చెప్పానన్నాను. "సరే" అంది. విద్యార్థిని అడిగిన ప్రశ్న, నేను చెప్పలేకపోయిన సంగతి కూడా చెప్పాను.

"నీళ్ళు తీసుకుపోయినారా?"

"లేదు."

"నీళ్ళు లేకుండా ఎట్ల చెప్తారు సార్?" అంది విసుగ్గా. "ముందు మంచి నీళ్ళు ఇయ్యాల. అప్పుడే నమ్ముతారు. తాగేవాళ్ళని గాదు, చూసేవాళ్ళని చూడాల మీరు. వాళ్ళు నవ్వినాక తొందరపడగూడదు, రవంత ఆగాల..."

ఆమె చెప్పుకుంటూ పోయింది. నేను చివరిదాకా విన్నాను.