ఎంగిలి తారు మీద బావ పెట్టిన ఒట్టు

మా స్వామిదాసు బావ సంగతి చెప్తాను వినండి. ఇరవై ఏడేళ్లు రోలర్ నడిపిన మనిషి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఆయన చక్రం తిరగని రోడ్డు లేదు. ఆయన ముందు చీపురు పట్టి దుమ్ము ఊడ్చే పద్మమ్మను నేను. వరుసకు బావ కాబట్టి మొహం మీదే తిట్టగలను, తిట్టాను కూడా.

ఆయనకు థర్మామీటర్ అక్కర్లేదు. పరిచిన తారు మీద చెంబులోంచి నాలుగు నీళ్ల చుక్కలు చిలకరిస్తాడు. చుయ్‌మని ఆవిరి లేస్తేనే రోలర్ ఎక్కుతాడు. కనకమామిడిలో మా చర్చి ముందు ఆయన తొక్కించిన రోడ్డుకు పన్నెండేళ్లలో ఒక్క గుంత పడలేదు. పాస్టరుగారు ప్రార్థనలో ఆ రోడ్డును కూడా తలుచుకునేవారు. ఇక బావను పట్టగలమా! నిరుడు దారి వెడల్పు చేస్తామని ఆ రోడ్డును మిషన్‌తో గీకి లారీల్లో ఎత్తుకుపోయారు. బావ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

జనవరిలో సమత మేడం వచ్చింది, కొత్త ఇంజినీరు. "పాత రోడ్లు గీకిన తారునే మల్ల వేడి చేసి, జర కొత్త తారు కలిపి అర కిలోమీటర్ వేద్దాం దాసన్నా. దాని పక్కన అర కిలోమీటర్ అంతా కొత్తది. ఏది ఆగుతదో చూద్దాం" అంది.

బావ భగ్గుమన్నాడు. "ఎంగిలి తారా? ఒకరు తిన్న విస్తరిల నాకు అన్నం పెడతవా మేడం?"

అంతటితో ఆగితే బాగుండేది. ఎంకయ్య చాయ్ హోటల్ ముందు, నలుగురిలో నిలబడి ఒట్టు పెట్టాడు. "తొలి వానకు ఆ ఎంగిలి రోడ్డు పెచ్చులు లేవకుంటే నేను రోలర్ దిగుత. మల్ల ఎక్క. ఏసయ్య మీద ఒట్టు!"

నాకు ఒళ్లు మండింది. రోలర్ దిగి ఈ మనిషి ఏం చేస్తాడు? పొద్దంతా ఇంట్లో కూర్చుంటే ఆయన భార్య, మా నిర్మలమ్మక్క బతకనిస్తుందా?

మొదటి రోజు పాత తారు. మేడం పక్కనే నిలబడింది. బావ గొణుక్కుంటూనే పని మాత్రం శుద్ధంగా చేశాడు. రెండో రోజు కొత్త తారు. మేడం తారు కలిపే ప్లాంటుకు పోయింది. బావ లారీ ఎక్కి, తారు వేడి పోకుండా కప్పిన తాడిపత్రి పట్టా తనే లాగేశాడు. హోటల్ జనాన్నంతా పిలిచాడు. "చూడుండ్రి! తారంటే గిది!" అని గంటకు పైగా ఉపన్యాసం. చలిగాలి కొడుతోంది. లారీ మీద పొగ సన్నబడింది.

"బావా, చల్లారుతున్నది" అన్నాను.

"నువ్వు నీ చీపురు సంగతి చూసుకో. నా తారు చల్లారదు."

ఆ రోజు ఆయన చెంబు ముట్టుకోకుండానే రోలర్ ఎక్కాడు. నేనూ మళ్లీ నోరెత్తలేదు.

జూన్‌లో రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే రోడ్డు లేచిందని కబురొచ్చింది. బావ ఉతికిన అంగీ తొడుక్కుని, ఎంకయ్యను, హోటల్ జనాన్ని వెంటేసుకుని బయల్దేరాడు. దారంతా "నేను చెప్పలే?" అనే మాటే.

పాత తారు ముక్క మొదలైంది. అయిపోయింది. నల్లగా, నున్నగా ఉంది, చిన్న పగులు కూడా లేదు. దాని తర్వాత కొత్త తారు. అమ్మో! స్కూటర్ చక్రం మునిగేంత గుంతలు, ఒకటి కాదు, మూడు.

"దాసన్నా, గిదేంది?" అన్నాడు ఎంకయ్య.

"లారీలు మారినయి! గిదే ఎంగిలిది!" అని బావ అరిచాడు.

అప్పటికే వచ్చి ఉన్న సమత మేడం గుంత అంచు నుంచి ఒక పెళ్ల తీసి ఆయన చేతిలో పెట్టింది. అది వేళ్ల మధ్య బొరుగుల్లా రాలిపోయింది.

"చల్లారినంక తొక్కిచ్చిన్రు అన్నా. ఆ దినం లారీ ఎంతసేపు ఆగింది?"

బావ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన మొహం చూడలేకపోయాను.

"మరి గదెట్ల ఆగింది?" అని అడిగాడు. "ఆ పాత తారు యాడిది మేడం?"

"మీ కనకమామిడి చర్చి ముంగటి రోడ్డుదే. తెల్వదా అన్నా?"

బావ తడి రోడ్డు మీదే కూలబడ్డాడు. ఆ రోడ్డు వేసిన నాడు దుమ్ము ఊడ్చింది నేనే. ఐదు నెలలుగా తన చేతి పనినే ఎంగిలి ఎంగిలి అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు ఈ మనిషి!

లేచి మొలతాడుకున్న రోలర్ తాళం విప్పాడు. "తప్పు నాదే" అన్నాడు. ఇరవై ఏడేళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. తాళం మేడం చేతిలో పెట్టాడు. మేడం వద్దంది. నేను బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. "ఏసయ్య మీద ఒట్టు పెట్టిన పద్మా" అన్నాడు, అంతే.

గుంతలు పూడ్చే రోజు సందీప్ అనే కొత్త డ్రైవర్ రోలర్ ఎక్కాడు. గీకిన తారు కలిపిందే పరిచారు. ఎవరూ పిలవకుండానే బావ ఇంటి నుంచి చెంబు పట్టుకొచ్చాడు. నీళ్లు చిలకరించాడు, ఆవిరి లేచింది. అయినా సందీప్‌ను కదలనివ్వలేదు. నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు పద్మా. వేడున్నదా?"

"ఉన్నది బావా" అన్నాను.

అప్పుడు గానీ సందీప్‌కు చెయ్యి ఊపలేదు.