కొండోళ్ల కూడు

ప్రొద్దుటూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా అన్నకు షుగరుందని మొదట తెలిసింది నాకే, సూది గుచ్చి రక్తం తీసింది నేనే కాబట్టి. అన్నది పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఆరేళ్లు బుద్ధిగా మింగాడు.

ఏడో ఏడు ప్రొద్దుటూరు కల్యాణ మండపంలో ఎవరో ఆహార నిపుణుణ్నంటూ వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. కొండల్లో బతికేవాళ్లకు షుగరు రాదట. కొర్రలు, అరికలు, అడవి గడ్డలు, తేనె తిని నూరేళ్లుంటారట. చెప్పుల్లేకుండా నడవడం వల్ల నేల బలమంతా ఒంటికెక్కుతుందట. అది విన్న అన్న ఆ సాయంత్రమే కొర్రల సంచి భుజాన వేసుకుని ల్యాబుకు వచ్చాడు.

"ఈ పొద్దునుంచి మాత్రలు బందు. కొండోళ్లు ఏ మాత్ర మింగుతాండారు, చెప్పు?"

"కొర్రలు తినన్నా, మంచిదే. మాత్రలు మాత్రం ఆపొద్దు."

"మీ ల్యాబు నడవాల గదా, నువ్వట్లే అంటావులే."

నాకు కోపం వచ్చింది. రెండు నెలలు ఫోను చేయలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నేను చేసిన తప్పు అదే.

చివరికి వదినే ఫోను చేసింది. అన్న బరువు తగ్గాడనీ, చూసినవాళ్లంతా సన్నబడ్డావని మెచ్చుకుంటున్నారనీ, కానీ రాత్రిపూట ఐదారుసార్లు లేస్తున్నాడనీ చెప్పింది. "నువ్వొచ్చి ఒక మాట చెప్పుమ్మా. నా మాట యాడింటాడు?" అంది.

నేను వెళ్లి చెప్పినా అన్న వినలేదు. జమ్మలమడుగు అవతల ఎర్రమల కొండల కింద గొర్రెలు మేపే ముసలాయన ఒకడున్నాడనీ, ఎనభై దాటినా కొండెక్కి దిగుతాడనీ, నన్ను తీసుకెళ్లి చూపిస్తాననీ అన్నాడు. సరేనన్నాను. ఆదివారం బస్సులో జమ్మలమడుగుకు పోయి, అక్కణ్నుంచి ఆటోలో ఆ పల్లెకు చేరాం. ఆటో దిగగానే అన్న చెప్పులు విప్పి సంచిలో పెట్టుకున్నాడు.

ముసలాయన నిజంగానే గట్టిగా ఉన్నాడు. గొర్రెల దొడ్డి చుట్టూ ముళ్లకంప సర్దుతున్నాడు. అన్న ఆయన దగ్గరికి వెళ్లి అడిగాడు.

"దినామూ ఏం తింటావు తాతా?"

"ఏముంటాది నాయనా. స్టోరులో ఇచ్చే బియ్యం. మద్దేనం ఇంత సంగటి."

"కొర్రన్నం తినవా?"

"సిన్నప్పుడు తింటిమి. వరన్నం యాడిది అప్పుడు? పండగొస్తేనే. దొరికింటే మేమూ అదే తినింటిమి."

అన్న వదల్లేదు. "అయినా ఆ కొర్రలు తినే గదా నువ్వింత గట్టిగుండేది?"

ముసలాయన భార్య గడపలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. అప్పుడు తలెత్తింది.

"ఈయప్ప అమ్మకు ఏడుమంది బిడ్లు. బతికింది ఇద్దరు. పోయిన ఐదుమందీ అదే కొర్రన్నం తిన్యారు. వాళ్లను సూసేదానికి ఎవరూ రారు గదప్పా."

ముసలాయన చేతిలోని కంప కింద పెట్టి, మళ్లీ తీసుకున్నాడు. నా బ్యాగులో షుగరు చూసే మిషను ఉంది. అన్న వేలు పట్టుకుంటే వెనక్కి లాక్కోలేదు. షుగరు మూడు వందలు దాటింది. అవ్వ ఆ అంకె అడగలేదు. మా మొహాలు చూసి, "మాత్రలుంటే మింగు నాయనా. మాకప్పుడు ల్యాకపాయ," అంది.

అన్న ఆ రోజే మాత్రలు మళ్లీ మొదలుపెట్టాడు. అన్న నాకు చెప్పనిది ఒకటుంది. దొడ్డి దగ్గర కాలి చిటికెన వేలికి ముల్లు దిగింది. షుగరుతో కాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవడంతో పట్టించుకోలేదు. పది రోజులకు వదిన చూసేసరికి వేలు నల్లబడింది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చాం. వేలు తీసేశారు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేనే అన్నం తీసుకెళ్లాను. ఒకరోజు అన్న తింటూ తింటూ ఆగి, "ఆ ఐదుమంది పేర్లేందో మనం అడగనేలేదు గదా," అన్నాడు. అవును, అడగలేదన్నాను.

డాక్టరు కొర్రలు మానమని చెప్పలేదు. ఏదైనా కొలతగా తినమన్నాడు, రోజూ ఇన్సులిను వేసుకోమన్నాడు. అన్న ఇప్పుడు రెండూ చేస్తున్నాడు. తోటలోకి బూట్లు వేసుకుని పోతాడు. కొంచెం కుంటుతాడు. వదినకు మాత్రం కొర్రన్నం నోటికి పడదు. తనకు వేరే కుక్కరులో బియ్యం పెట్టుకుంటుంది. ఇద్దరూ ఒకే పప్పు కలుపుకుని తింటారు.