టైల్స్ సందుల్లో నలుపుకు నేను పుచ్చుకున్న వకాల్తా

మీ ఇంటి టైల్స్ మధ్య గీతలు మొదట్లో ఏ రంగులో ఉండేవో, నేలకేసి చూడకుండా చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. చెప్పలేనని ఒప్పుకోవడానికి బదులు ఇరవై నిమిషాలు ఉపన్యసించాను. ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గరి కాలేజీలో మూడేళ్లు డిబేట్ చేసినవాడికి తెలియని విషయం మీద మాట్లాడటం ఏమంత కష్టం కాదు. తెలియదని ఊరుకోవడమే కష్టం.

అప్పట్లో నేనూ, సివిల్స్‌కు చదువుతున్న వరంగల్ మిత్రుడొకడూ బేర్ సరాయ్‌లో ఒక రెండో అంతస్తు ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఇంటి యజమానురాలు కింద ఉండేది. తుని నుంచి వచ్చి ఢిల్లీలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఆమెను అందరిలాగే మేమూ ఆంటీ అనేవాళ్లం. భవనంలోని మూడు అంతస్తులనూ ఒకే పనావిడ తుడిచేది, ఆమెను దీదీ అనేవాళ్లం. ఆమెకు పొద్దుటి పని మొత్తం ఆ ఒక్క భవనమే.

ఒక గురువారం, కారుతున్న కుళాయి చూడటానికి పైకి వచ్చిన ఆంటీ నా గది గుమ్మంలో ఆగిపోయింది.

“ఇదేం నేలయ్యా, బొగ్గుల బస్తా ఈడ్చినట్టుంది. మేం టైల్స్ వేయించినప్పుడు ఈ గీతలు తెల్లగా ఉండేవి, తెలుసా?”

నేను కిందికి చూశాను. ఏడాదిగా నడుస్తున్న నేలను చూడటం అదే మొదటిసారి. ప్రతి టైలు చుట్టూ నల్లటి అంచు. అది డిజైను అనుకున్నాను.

“మా ఇంట్లోనూ తనే తుడుస్తుంది, మా గీతలు మల్లెపూలలా ఉంటాయి. మీరు కుర్రాళ్లు, అడగరు కదా అని ఇక్కడ ఎగ్గొడుతోంది. ఆదివారం దాకా చూస్తాను. తరవాత మూడు అంతస్తులకీ వేరే మనిషిని పెట్టేస్తా, ఠీక్ హై?”

నాలోని వక్త లేచి నిలబడ్డాడు. సందుల్లో పూసే వైట్ సిమెంటుకు మురికిని పీల్చుకునే స్వభావం ఉందనీ, అది ఎవరు తుడిచినా పోదనీ మొదటి వాదన. నిందితురాలిని విచారించకుండా శిక్షించడం న్యాయం కాదన్నది రెండోది. మూడోది శ్రమ గౌరవం గురించి. అదే అన్నిటికంటే పొడుగ్గా సాగింది. దీదీని నేనూ ఏమీ అడగలేదన్న సంగతి ఆ ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

“అచ్ఛా. ఆదివారం చూద్దాం,” అని ఆంటీ దిగిపోయింది.

“మస్తు మాట్లాడినవ్ రా. ఆమె పని పోవుడు ఖాయం చేసినవ్,” అన్నాడు మిత్రుడు.

మాటతో కానిది చేత్తో సాధిద్దామని శనివారం పొద్దున్నే రంగంలోకి దిగాను. యాసిడ్ పోద్దామన్నాడు మిత్రుడు. అది మురికితో పాటు సిమెంటునూ తినేస్తుందని వారించాను. ఆ జ్ఞానం అరగంట క్రితమే ఫోన్‌లో సంపాదించాను. వంటసోడాలో కాసిని నీళ్లు కలిపి ముద్ద చేసి, గీతల మీద పరిచి, కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. మోకాళ్ల మీద గంటసేపు కూర్చుంటే నాలుగు గీతలు తేలాయి. తెల్లగా, నిజంగానే మల్లెపూలలా. గర్వంగా మిత్రుణ్ణి పిలిచాను.

అతను టీ గ్లాసుతో వచ్చి వంగి చూశాడు. “మొన్న ఏమన్నవ్? ఎవరు తుడిచినా పోదన్నవ్.”

“అన్నాను.”

“గిప్పుడు పోయింది. అంటే ఆమె రుద్దలేదని నువ్వే సాక్ష్యం పుట్టించినవ్.”

ఎన్నో వేదికల మీద ఓడిపోయాను గానీ, నా కక్షిదారును నేనే ఓడించడం అదే మొదలు. అతని టీని ఆ నాలుగు గీతల మీద ఒలకబోస్తే ఎలా ఉంటుందని నిజంగానే ఆలోచించాను. అంతలో, ఆదివారం దాకా ఆగకుండానే ఆంటీ వచ్చింది. వెనకాల బకెట్‌తో దీదీ.

“రుద్దితే వస్తుంది కదా మరి,” అంది ఆంటీ తెల్ల గీతలను చూసి. నా మూడు వాదనలకూ అదొక్కటే జవాబు. సోమవారం నుంచి రావద్దని దీదీకి హిందీలో చెప్పి వెళ్లిపోయింది.

దీదీ గుడ్డ పిండి తుడవడం మొదలుపెట్టింది. అప్పుడు, అన్ని వాదనలూ అయిపోయాక, అడిగాను. కింద తెల్లగా ఉన్నవి మా ఇంట్లో ఎందుకు నల్లబడ్డాయి?

“ఇన్నాళ్లకి అడిగారు భయ్యా,” అంటూ ఆమె తడిగుడ్డతో బాత్రూమ్ తలుపు వైపు చూపించింది. అక్కడొక కాగితం, దాని మీద హిందీలో నా దస్తూరీ: ‘ఒక ఇల్లు, ఒక బకెట్.’ ఎండాకాలంలో నీళ్లకు కటకటై మా వీధికి ట్యాంకర్లు వచ్చినప్పుడు నేను చేసిన చట్టం అది. వానలు పడి ట్యాంకర్లు ఆగిపోయాయి. చట్టాన్ని రద్దు చేయాలని ఎవరికీ, అంటే నాకు, గుర్తు రాలేదు.

“ముందు గదితో మొదలుపెడతాను. అక్కడ నీళ్లు నీళ్లలానే ఉంటాయి. చివర మీ గదికొచ్చేసరికి చాయ్ అయిపోతాయి. గీత టైలు కంటే కాస్త లోతు కదా, ఆ చాయ్ అందులో దిగి ఎండిపోతుంది. ఆంటీ ఇంట్లో మూడు బకెట్లు మారుస్తాను.”

ముందు గదిలోకి వెళ్లి చూశాను. గీతలు దాదాపు తెల్లగా ఉన్నాయి. వంటింట్లో బూడిద రంగు. నా గదిలో నలుపు. నా ఆదర్శం ఏ దారిన నడిచిందో నేల మీద స్పష్టంగా రాసి ఉంది.

“మరి ఆంటీతో ఎందుకు చెప్పలేదు?”

“నీళ్లు పొదుపు చేయాలని మీరు అంత మంచిగా చెప్పారు. ఇప్పుడు ఆమెతో చెబితే మీ మీద చాడీ చెప్పినట్టు కాదా భయ్యా?”

నేను ఆమె కోసం పోరాడుతున్నాననుకుంటున్న రోజుల్లో ఆమె నన్ను కాపాడుతోంది, అదీ తన పని పోయేదాకా. కాగితం పీకి చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. దారిలో ఒక ఉపోద్ఘాతం తయారుచేశాను గానీ, ఆంటీ ముఖం చూశాక అది మిగల్లేదు.

“తప్పు నాది ఆంటీ. ఇల్లంతా ఒక్క బకెట్‌తో తుడవమని నేనే రాసి అంటించాను.”

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఈ ముక్క గురువారమే చెప్పొచ్చుగా?”

“అప్పటికి నాకు తెలీదు ఆంటీ.”

“తెలీకుండానే అంతసేపు మాట్లాడావా?” అని కాసేపు నవ్వుకుంది. “సరే, సోమవారం మామూలుగా రమ్మను. నల్లబడినవన్నీ రుద్దేది మాత్రం నువ్వే. దీదీ చేత రుద్దించావో, ఈ కాగితం నీ వీపుకు అంటిస్తా.”

రెండు ఆదివారాలు పట్టింది. రుద్దాక మంచినీళ్లతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవకపోతే ఆ మురికే తిరిగి సందులోకి దిగుతుందని దీదీ దగ్గర నేర్చుకున్నాను. “ఇక్కడ వదిలేశారు భయ్యా,” అని ఆమె వేలు పెట్టి చూపించిన ప్రతిచోటా మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాను.

మీరు కూడా రేపు పొద్దున్న ఒక పని చేయండి. మీ నేల తుడిచే మనిషి, ఆమె మీ అమ్మగారైనా సరే, పనికి వచ్చే ఆవిడైనా సరే, చివరి గదికి చేరేదాకా వెంట నడవండి. నీళ్లు ఎక్కడెక్కడ మార్చాలో ఆమెనే అడగండి. ఆమె చెప్పిన చోటల్లా ఎదురు మాట్లాడకుండా బకెట్ మీరే మోసుకెళ్లి మార్చుకు రండి.